ఘాటు చేతులు

ఫొటోలో నీళ్లు బాగా పడ్డాయి. చూసినవాళ్లందరూ ముందు ఆ మాటే అన్నారు. రాగిచెంబు మూతి దగ్గర మొదలైన ధార ఎండలో తళతళలాడుతూ కోటేశ్వరి దోసిట్లోకి దిగుతోంది. ఆమె నడుం వంచి, దోసిలి నోటికి ఆనించుకుని, కళ్లు మూసుకుని తాగుతోంది. మోచేతుల నుంచి రాలే బొట్లు గాలిలోనే ఆగిపోయాయి. పైన చెంబు పట్టుకున్న బసవమ్మ ముఖంలో బిడ్డకు అన్నం కలిపి పెట్టే తల్లి నవ్వు ఉంది. వెనకంతా ఎర్రటి మిరప కల్లం.

"చేతులు పెట్టబాకండి, ఘాటంటుకుంటది," అంది బసవమ్మ.

అందుకని ఆమె చెల్లెలి కూతురు తేజశ్రీ ఆ ఫొటోను తనే రెండు చేతులా ఎత్తి పట్టుకుని, తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ల వరస ముందు మెల్లగా నడిచింది. ముక్కులకు తువ్వాళ్లు కట్టుకుని, చీరల మీద మగవాళ్ల పొడుగుచేతుల చొక్కాలు తొడుక్కుని కూర్చున్న ఆడవాళ్లు పని ఆపకుండానే తలలెత్తి చూశారు. వాళ్ల చేతులకు కళ్లతో పనిలేదు. ఎర్రకాయ కుడిపక్కకి, మచ్చపడి తెల్లబోయిన తాలుకాయ ఎడమపక్కకి పోతూనే ఉన్నాయి.

"సినిమాలో ఉన్నట్టున్నావే కోటేశ్వరీ," అంది సైదాబీ.

కోటేశ్వరి ఆ కూలీల ముఠాకు పెద్ద. అద్దంకి చుట్టుపక్కల ఎవరి కల్లంలో పని తగులుతుందో కనుక్కోవడం, మనుషుల్ని కూడగట్టడం, రైతులతో మాట్లాడటం ఆమె వంతు. బసవమ్మ కల్లానికి ఏటా ఆమె ముఠానే వస్తుంది. మిరప అయిపోయేలోపు వేరేచోటు వెతుక్కోవాల్సిన అవసరం వాళ్లకు ఎప్పుడూ రాలేదు.

ఆమె తన ఫొటోను చూసుకుంది. ముఖం బాగానే ఉందనిపించింది. ఎండకు నల్లబడినా కళ తప్పలేదు. అయితే ముఖం కంటే ముందు ఆమె కంటికి తగిలింది ఆ వంగిన నడుం. తాగేటప్పుడు తను అంత వంగుతుందని ఇన్నేళ్లూ తెలియదు. వంగిన మనిషికి తన నడుం ఎలా కనబడుతుంది? ఎవరో ఒకరు చూపించాలి.

"దీనికి పేరేం పెట్టానో తెలుసా అక్కా? 'చల్లని చెయ్యి' అని," అంది తేజశ్రీ. ఆ పిల్ల గుంటూరులో పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తుంది. అది పొట్టకోసం. మనసుకోసం మాత్రం కెమెరా భుజాన వేసుకుని పొలాల వెంటా, సంతల వెంటా తిరిగి మామూలు మనుషుల రోజువారీ బతుకుల్ని తీస్తుంది. "మంగళగిరిలో వచ్చే ఆదివారం పెద్ద ఎగ్జిబిషన్ అక్కా. రాష్ట్రం మొత్తం మీద ఎంతోమంది పంపించారు. వాటన్నిట్లో నాది గుమ్మంలోకి రాగానే కనిపించేట్టు పెడతామన్నారు. గోడంత సైజులో. కాకపోతే ఫొటోలో ఉన్నవాళ్లు ఒప్పుకున్నట్టు సంతకాలు కావాలంట. పెద్దమ్మ పెట్టేసింది. మీరొక్కరే ఉన్నారు."

"నేను చదవకుండానే పెట్టా," అంది బసవమ్మ గర్వంగా. "ఎండలో పనిచేసేవాళ్లకి గుక్కెడు నీళ్లు పోసినందుకు గోడకెక్కిస్తారని కలగన్నానా? పెట్టవే కోటేశ్వరీ. ఆదివారం కారు మాట్లాడతా, నువ్వు కూడా రా."

కోటేశ్వరి చేతులు చూపించింది. "ఘాటు చేతులమ్మా. కాగితం పాడైపోయిద్ది. రేపు పెడతాలే."

ఆ మాట ఆ కల్లంలో దేనికైనా చెల్లుతుంది. మిరప ఏరిన చెయ్యి దేన్ని ముట్టుకున్నా అది మండుతుంది. ఆ చేతులతో గ్లాసు పట్టుకుంటే తర్వాత తాగినవాళ్ల మూతులు మండుతాయని, అందుకే పైనుంచి పోస్తున్నానని బసవమ్మ అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. కాటా వేసే యలమందయ్య చేతులు కూడా పొద్దుటినుంచీ మిరప బస్తాల్లోనే ఉంటాయి. అతను బసవమ్మకు దూరపు చుట్టం. అతనికి స్టీలు గ్లాసు. పత్తి తీసే రోజుల్లోనూ ముఠావాళ్లు ఈ ఇంట్లో దోసిలే పడతారు. పత్తికి ఏం ఘాటుందో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అందరికీ తెలిసిన సంగతిని పనిగట్టుకుని ఎవరు అడుగుతారు?

*

సాయంత్రం ఇంటికొచ్చి కోటేశ్వరి మోచేతుల దాకా ఆముదం రాసుకుని గడపలో కూర్చుంది. మిరప రోజుల్లో రాత్రిపూట చేతులు ఒంటికి తగలకుండా పడుకోవడం కూడా ఒక పనే. భర్త దానయ్య పొగాకు కాల్చే బ్యారన్ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆమె ఫొటో సంగతి చెప్పింది.

"పెట్టెయ్యి సంతకం. నీ మొహం గోడకెక్కితే నాకూ గొప్పేగా," అన్నాడతను. తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ ఒక్క క్షణం ఆగాడు. "ఏం చేస్తన్నట్టు తీసింది?"

"నీళ్లు తాగుతన్నట్టు. బసవమ్మగారు పోస్తంటే."

దానయ్య తువ్వాలు దులిపి దండెం మీద వేసి, చాలాసేపు దాని అంచులు సరిచేశాడు.

అప్పుడే ఫోను మోగింది. గుంటూరులో నర్సింగు చదువుతున్న కూతురు ప్రశాంతి. కోటేశ్వరి ముంజేత్తో నొక్కి స్పీకరు పెట్టింది.

"అమ్మా, నువ్వు నీళ్లు తాగుతున్న ఫొటో ఎవరు తీశారు?"

కోటేశ్వరికి అర్థం కాలేదు. "నీకెట్టా తెలుసే?"

"ఇన్‌స్టాలో ఉంది. మా రూమ్మేట్ చూపించింది. ఎంత బాగుందో చూడవే, ఊళ్లల్లో ఇంకా ఇట్టాంటి మంచివాళ్లున్నారు అంది."

"మంచిదేగా."

అవతల ఫ్యాను తిరిగే శబ్దం మాత్రం వినిపిస్తోంది. అమ్మాయి ఏడుస్తోందని కోటేశ్వరికి ఆ ఫ్యాను శబ్దంలోంచే తెలిసిపోయింది.

"అది నన్నేం అడగలేదమ్మా. నేనే అన్నా. ఎవరో పాపం, అన్నా."

కోటేశ్వరి ఫోనును ముంజేత్తో దగ్గరికి జరుపుకుంది.

"నీ మొహం చూస్తా చూస్తానే అన్నా. నువ్వు మిరపకాయలు ఏరతావని మా క్లాసులో అందరికీ తెలుసు. నేనే చెప్పా. దానికి నాకేం నామోషీ లేదమ్మా. కానీ అట్టా వంగి..." ప్రశాంతి ఆగింది. "దాన్ని ఇంకెక్కడా పెట్టనీయబాకు."

"ఏడవబాకు. అన్నం తిన్నావా?"

తిన్నానంది. తల్లులు ఆ ప్రశ్న ఎప్పుడడిగినా కూతుళ్లు ఆ జవాబే చెబుతారు. ఫోను ఆగిపోయాక దానయ్య గోడకు చేరగిలబడి, "బసవమ్మగారితో పెట్టుకుంటే కల్లం పోయిద్దే," అన్నాడు.

"నాకు తెలీదా?"

"నువ్వొక్కదానివైతే పర్లా. ముఠా అంతా ఉంది."

ఆమెకు కోపం వచ్చింది. భర్త మీద కాదు. అతను చెప్పింది నిజమైనందుకు వచ్చింది. ఎవరో పాపం. ఆ రెండు మాటలు అన్నం తింటున్నప్పుడు కూడా చెవిలో తిరుగుతూనే ఉన్నాయి.

*

మర్నాడు పొద్దున్నే తేజశ్రీ కాగితం, పెన్ను పట్టుకుని వచ్చింది. ఈసారి కోటేశ్వరి ఇంకా కాయల్లో చెయ్యి పెట్టలేదు, ఘాటు అనడానికి వీల్లేదు.

"వద్దమ్మాయిగారూ. ఆ ఫొటో పెట్టబాకండి. ఫోనుల్లో పెట్టింది కూడా తీసెయ్యండి," అంది.

తేజశ్రీ ముఖం చిన్నబోయింది. వరండాలో పూలు కట్టుకుంటున్న బసవమ్మ దారం వదిలేసి కల్లంలోకి దిగింది.

"ఏంది, ఏమంటది?"

"వద్దంటుంది పెద్దమ్మా."

"ఎందుకే?"

కోటేశ్వరి కొంగు సర్దుకుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. చెబితే ఏం చెప్పాలి? మీరు నాకు పైనుంచి నీళ్లు పోస్తున్నారని చెప్పాలా? ఆ సంగతి బసవమ్మకు తెలియదా? పోసే చెయ్యి ఆమెదే కదా. తెలిసిన విషయాన్ని మొహం మీద చెప్పడమే ఇక్కడ తప్పు. చెప్పినవాళ్లకు మర్నాడు పని ఉండదు.

"నాకిష్టం లేదమ్మా," అంది చివరికి.

"నా చేతి నీళ్లు ఇవ్వాళ చేదయినయ్యా నీకు?"

"అట్టా అన్లేదమ్మా."

"మరెట్టా అన్నావు? ఆ పిల్ల నెలల తరబడి ఎండన పడి తిరిగి తీసుకుంది. బంగారంలాంటి అవకాశం వచ్చింది. నీ ఒక్క సంతకానికి ఆగిపోవాలంటే మేమేం పాపం చేశామే నీకు?" బసవమ్మ గొంతు పెద్దది, కల్లం ఆ చివరికి వినపడుతుంది. కానీ ఆమె తర్వాతి మాట గొంతు తగ్గించి అంది, అదే అందరికీ ఎక్కువ వినపడింది. "యలమందయ్యా, వినుకొండ ముఠావాళ్ల ఫోన్ నెంబరు నీ దగ్గరుందిగా?"

"ఉందమ్మా," అన్నాడు యలమందయ్య కాటా పళ్లెం తుడుస్తూ.

"ఉంచు."

ఆమె వెళ్లి మళ్లీ పూలు అందుకుంది. మధ్యాహ్నం దాకా ముఠాలో మాటల్లేవు. ఎప్పుడూ పాటలో, ఎవరి మీదో చాడీలో లేకుండా వాళ్ల చేతులు ఆడవు. ఆ రోజు కాయ మీద కాయ పడే గలగల తప్ప ఏమీ లేదు. నీళ్ల వేళకు బసవమ్మ చెంబు తెచ్చి వరసగా అందరి దోసిళ్లలో పోసింది. కోటేశ్వరి దగ్గరికి వచ్చేసరికి ధార సన్నబడింది. వంగి తాగుతుంటే కోటేశ్వరికి మొదటిసారి తన నడుం తనకు కనిపించింది. సగం తాగి లేచింది.

"ఒక్క సంతకం," అంది సైదాబీ కాయల వంకే చూస్తూ. "నా మనవడి ఫీజు కట్టాలి. నీకు తెలుసు."

"తెలుసు."

"మనకేం కొత్తా అది? మీ అమ్మ పట్టలేదా దోసిలి? మా అమ్మ పట్టలేదా? ఫొటో తీస్తే వచ్చిందా నొప్పి?"

"అవును. ఫొటో తీస్తేనే వచ్చింది," అంది కోటేశ్వరి.

సైదాబీ చేతిలో ఉన్న మంచి ఎర్రకాయను తాలులో పడేసింది. మళ్లీ తీసి ఇవతల వేసింది.

పొద్దు వాలుతుండగా తేజశ్రీ నీళ్ల డ్రమ్ము దగ్గర ఆమెను పట్టుకుంది. మర్యాదగానే అడిగింది. "నేనేమన్నా తప్పు చేశానా అక్కా? ఫొటోలో మీరు బాగోలేరనిపించిందా? మీకెంత డిగ్నిటీ ఉందో తెలుసా అందులో? చూసిన ప్రతివాళ్లూ అదే అన్నారు."

కోటేశ్వరి ఆ పిల్లను పరకాయించి చూసింది. నాటకం కాదు, నిజంగానే తెలియదు. సెలవులకు ఈ ఇంటికి వచ్చిపోతూ పెరిగిన పిల్ల. చెంబులోంచి దోసిట్లోకి పడే నీళ్లను చూసీ చూసీ దానికి అది వాన కురవడం లాంటిదే అయిపోయింది. వాన కింద ఎవరు వంగారని ఎవరు చూస్తారు? గోరంత వెలుతురు తేడాను పట్టుకునే కళ్లు ఇంత పెద్ద సంగతిని ఎలా వదిలేశాయోనని ఆమెకు జాలీ కోపమూ ఒక్కసారే కలిగాయి.

"ఇంకోటి తియ్యండి," అంది. "రేపు నీళ్లప్పుడు. దానికి సంతకం పెడతా."

తేజశ్రీ ముఖం విప్పారింది. "అదే చోటా? మీరూ పెద్దమ్మా?"

"ఆ. అదే చోట, ఇద్దరమే."

*

బసవమ్మ రాత్రి కోపం మరిచిపోయింది. ఆమెకు కోపం వచ్చినంత సులువుగానూ పోతుంది. మర్నాడు నీళ్ల వేళకు మంగళగిరి చీర కట్టుకుని, తలలో నిన్నటి పూలు పెట్టుకుని, తోమి మెరిపించిన చెంబు పట్టుకుని కల్లంలోకి వచ్చింది. పక్కనే బల్ల మీద పళ్లెంలో స్టీలు గ్లాసు. యలమందయ్య వచ్చి గ్లాసులో పోయించుకుని గటగటా తాగి, పళ్లెంలో పెట్టి, ఫొటోకు అడ్డం రాకుండా పక్కకు జరిగాడు.

కోటేశ్వరి ఆ పొద్దున అసలు కాయ ముట్టలేదు. బస్తాల మూతులు కుట్టే పనికి కూర్చుంది. ఇప్పుడు లేచి డ్రమ్ము దగ్గరికి వెళ్లి, అందరూ చూస్తుండగా చేతులకు ఆముదం పట్టించింది, ఇంటినుంచి తెచ్చుకున్న మజ్జిగలో ముంచింది, సబ్బు పెట్టి గోళ్ల సందులు కూడా రుద్ది కడిగింది. ఉతికిన తువ్వాలుతో తుడుచుకుంది. ఆమె ఏం చేయబోతోందో ముఠాకు సగం అర్థమైంది. సైదాబీ ముక్కుకున్న గుడ్డ కిందికి లాగింది.

"రెడీనా అక్కా? మామూలుగా రండి. నేనున్నాననుకోవద్దు," అంది తేజశ్రీ కెమెరా కంటికి ఆనించుకుని.

కోటేశ్వరి బసవమ్మ ఎదుటికి వచ్చి నిలబడింది. బసవమ్మ చెంబు ఎత్తింది. ఎదుట దోసిలి లేదు. కోటేశ్వరి నిటారుగా నిలబడి కుడిచెయ్యి చాపింది.

"గ్లాసియ్యండమ్మా."

బసవమ్మ ముఖంలో నవ్వు ఇంకా పోలేదు, ఎక్కడికి పోవాలో దానికి తెలియలేదు. "ఘాటు చేతులే నీయి," అంది.

"కడుక్కున్నానమ్మా."

"కడిగితే పోయే ఘాటా అది? ఎప్పుడన్నా పోయిందా?"

"పోయిందమ్మా. చూడండి."

కోటేశ్వరి చూపుడు వేలు ఎత్తి తన కుడికంటి రెప్ప లాగి, లోపల రుద్దుకుంది.

కల్లంలో చేతులన్నీ ఆగిపోయాయి. మిరప పనిలో ఉన్నవాళ్లు ఏం మరిచినా కన్ను ముట్టుకోకూడదన్నది మరవరు. దురదపెట్టినా, చెమట కారినా భుజంతో తుడుచుకుంటారు తప్ప వేలు పెట్టరు. పసిపిల్లలున్న తల్లులైతే ఈ నెలల్లో బిడ్డను ముద్దు చెయ్యడానికి కూడా భయపడతారు.

మొదట చల్లగా తగిలింది. కడగడం బాగానే పనిచేసిందనుకుంది కోటేశ్వరి. తర్వాత మంట వచ్చింది. కంటి మూలన మొదలై కణత దాకా పాకింది. పుర్రెలో ఎవరో నిప్పు పెట్టినట్టయింది. ఆముదానికీ మజ్జిగకీ లొంగేదైతే అది మిరపే కాదు. రెప్ప దానంతట అది మూసుకోబోయింది. ఆమె మూయనివ్వలేదు. కన్ను ఎర్రబడి, నీళ్లు నిండి చెంప మీదికి కారుతున్నా తుడుచుకోలేదు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది.

"లేదమ్మా ఘాటు," అంది.

బసవమ్మ ఆ కంటిని చూసింది. ఆమె మిరప పొలాల్లో పుట్టి, మిరప పొలాల్లోకి కోడలిగా వచ్చిన మనిషి. ఆ కన్ను ఎంత మండుతోందో అక్కడ కోటేశ్వరి తర్వాత ఆమెకే బాగా తెలుసు. కన్ను మండుతోందని తను ఒక్క మాట అంటే అక్కడితో అయిపోతుంది. ఆమె నోరు తెరిచింది. కోటేశ్వరి రెండో కన్ను ఆమెను అడుగుతోంది. ఇందాక యలమందయ్య చేతులు కడుక్కున్నాడా?

యలమందయ్య తన చేతుల వంక చూసుకుని, పంచెకు తుడుచుకున్నాడు.

కెమెరా అలాగే ఆనించి ఉంది. బసవమ్మ చెల్లెలి కూతురి వంక ఒకసారి చూసింది. ఆ గాజు కన్ను దించమని చెప్పొచ్చు, చెబితే ఎందుకని అడుగుతుంది. ఆమె మెల్లగా పళ్లెంలోంచి గ్లాసు తీసింది. చెంబు వంచి నింపింది. చాపింది. గ్లాసు చేతులు మారేటప్పుడు ఇద్దరి వేళ్లూ ఒకదానికొకటి తగలకుండా బసవమ్మ అడుగున పట్టుకుంది. కోటేశ్వరి నిలబడే తాగింది, చివరి గుక్క దాకా.

"సారీ పెద్దమ్మా," అంది తేజశ్రీ. కెమెరా దించలేదు. "సరిగా రాలేదు. మళ్లీ ఒకసారి."

బసవమ్మ గ్లాసు మళ్లీ నింపింది. కోటేశ్వరి మళ్లీ తాగింది.

"ఇంకొక్కసారి."

నిజంగానే సరిగా రాలేదో, ఆ పిల్లే కావాలని అలా అడిగిందో కోటేశ్వరికి తెలియలేదు. ఒక కంటితో మనిషి ముఖం సరిగా ఆనదు. మూడోసారి తాగాక గ్లాసును కడిగి బోర్లించలేదు. యలమందయ్య పెట్టినట్టే పళ్లెంలో నిలబెట్టింది. తేజశ్రీ చాపిన కాగితం మీద కుడికన్ను మూసుకుని సంతకం పెట్టింది. ఆ తర్వాత డ్రమ్ము దగ్గరికి నడిచి వెళ్లింది. పరిగెత్తలేదు. సైదాబీ వెనకే వచ్చి, ఆమె తల వంచి పట్టుకుని, కంట్లో నీళ్లు కొడుతూ కూర్చుంది.

"పిచ్చిముండా. గుడ్డిదానివైతే ఎవరు చూస్తారే నిన్ను," అని తిడుతూనే ఉంది. తిడుతూ తనూ ఏడుస్తోంది.

*

మర్నాడు పొద్దున్నే మబ్బు పట్టింది. కల్లంలో కాయ పెట్టుకుని మబ్బు చూడటం రైతు పగవాడికి కూడా వద్దనుకునే సంగతి. వినుకొండ ముఠాకు కబురు పెట్టి, వాళ్లు వచ్చేదాకా ఆగే తీరిక లేదు. బసవమ్మ వరండాలోంచే చెప్పింది. "ఈ కోత కానియ్యండి. పై కోతకి చూద్దాం."

చూద్దామంటే ఏమిటో ముఠాలో అందరికీ తెలుసు. ఎవరూ కోటేశ్వరిని ఏమీ అనలేదు. ఆమె కుడికన్ను చింతనిప్పులా ఉంది, రెప్ప వాచింది. ఒక కంటితోనే ఏరుతోంది. పై కోతకు అద్దంకి అవతల ఎవరి కల్లాలు ఖాళీగా ఉన్నాయో మనసులోనే వెతుకుతోంది.

నీళ్ల వేళకు బసవమ్మ చెంబు తెచ్చింది. పళ్లెం లేదు, గ్లాసు లేదు.

ముందు యలమందయ్య వెళ్లాడు, అలవాటుగా బల్ల వంక చెయ్యి చాపాడు. చేతికి ఏమీ తగల్లేదు. "గ్లాసమ్మా?"

"ఘాటు చేతులు. అందరూ దోసిలి పట్టండి," అంది బసవమ్మ ఎటో చూస్తూ. రాత్రంతా ఆలోచించి తేల్చుకున్న మాట అది. కోటేశ్వరికి గ్లాసు ఇవ్వకుండా ఉండాలంటే ఎవరికీ ఇవ్వకూడదు.

యలమందయ్య ఆమెను చూశాడు, ముఠాను చూశాడు. తర్వాత రెండు చేతులూ కలిపాడు. దోసిలి పట్టడం కూడా ఒక విద్యే, చిన్నప్పటినుంచి పడితేనే వస్తుంది. అతని వేళ్ల సందుల్లోంచి నీళ్లన్నీ జారిపోయాయి. ఇంకా వంగమంది బసవమ్మ. వంగాడు. ధార ముక్కులోకి పోయి పొలమారింది, చొక్కా తడిసింది, చేతుల ఘాటు మూతికి అంటుకుంది. మూతి మండి, దగ్గుతూ లేచేసరికి ఆడవాళ్లెవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే అతనికి కాస్త తేలికయ్యేది.

"ఇది నావల్ల కాదమ్మా," అన్నాడు పెద్దగా. "నన్ను కూడా ఇట్టా నిలబెడతారా? ఆ గ్లాసేదో బయట పెట్టండి, ఎవరికి కావాలంటే వాళ్లు ముంచుకు తాగుతారు. లేదంటే రేపటినుంచి కాటాకి ఇంకెవర్నన్నా చూసుకోండి."

మబ్బు కిందికి దిగుతోంది. కాటా మనిషి లేకుండా బస్తా కదలదు. బసవమ్మ లోపలికి వెళ్లింది. వచ్చి గ్లాసును డ్రమ్ము మీద ఠప్పున పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగి వరండా ఎక్కింది. యలమందయ్య తాగాడు. తర్వాత సైదాబీ లేచి, చుట్టూ ఒకసారి చూసి, గ్లాసు ముంచుకుంది. ఆ తర్వాత మిగతావాళ్లు. గ్లాసుకు నిజంగానే ఘాటు అంటుకుంది. తాగినవాళ్లందరూ మూతులు చప్పరించారు.

తేజశ్రీ లోపలినుంచి వచ్చి కోటేశ్వరి పక్కన, కాయల మధ్యే గొంతుక్కూర్చుంది. చేతిలో కెమెరా లేదు, ఫోను ఉంది.

"నిన్నటివి పంపించానక్కా. వాళ్లకి మొదటిదే కావాలంట. ఇందులో ఫీల్ లేదంటున్నారు. గ్లాసుతో ఎవరైనా తాగుతారు, అందులో ఏముంది, అంటున్నారు."

"నేనడిగింది అదేగదమ్మా," అంది కోటేశ్వరి చేతిలోని కాయల మీదినుంచి తల ఎత్తకుండా. "ఎవరైనా తాగేదే."

తేజశ్రీ ఫోను తెరిచింది. తర్వాత బొటనవేలితో నొక్కి, ఇన్‌స్టాలో ఉన్న మొదటి ఫొటో తీసేసి, తీసేసినట్టు ఆమెకు చూపించింది. "మొదటిది ఇవ్వనని చెప్పేస్తాను. గుమ్మం దగ్గర ఇంకెవరిదో పెట్టుకుంటారు." ఆ మాట అనడానికి ఆ పిల్లకు ఎంత కష్టమైందో కోటేశ్వరికి తెలిసింది. తెలిసినా పర్వాలేదని అనలేదు.

"నిన్నటిది మా అమ్మాయికి పంపిస్తారా? నెంబరు చెబుతా."

పంపింది. కాసేపటికే కోటేశ్వరి ఫోను మోగింది. అది పాలిథిన్ కవర్లో చుట్టి బస్తా మీద ఉంది. కవరు మీదనుంచే ముంజేత్తో నొక్కింది. స్పీకరు మోత కల్లమంతా వినపడుతోంది.

"అమ్మా, ఫొటో వచ్చింది."

"చూశావా?"

"చూశా. మా రూమ్మేట్ కూడా చూసింది. ఏముందే ఇందులో, ఎవరో ఆవిడ మంచినీళ్లు తాగుతోంది, అంది."

కోటేశ్వరి చేతులు ఆగాయి. వరండాలో బసవమ్మ కూడా అటు తిరిగింది.

"నువ్వేమన్నావు?"

"మా అమ్మ, అన్నా."

సైదాబీ ముక్కు గుడ్డ పైకి లాక్కుని కాయల మీదికి వంగింది.

"అమ్మా, ఉన్నావా? ఫొటోలో ఆ కన్నేందే అంత ఎర్రగా ఉంది?"

"ఘాటులే. రేపటికి పోయిద్ది," అని కోటేశ్వరి కుప్పలోంచి ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది.